పీహెచ్‌సీలో ఫ్యామిలీ ప్లానింగ్ కౌన్సెలింగ్ సరిగ్గా చేయడం ఎలా: కొత్త స్టాఫ్ నర్సులకి స్టెప్ బై స్టెప్ గైడ్

కొత్తగా పోస్టింగ్ వచ్చిన సిస్టర్స్ ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అంతర (మూడు నెలలకోసారి వేసే గర్భం రాకుండా ఆపే సూది) వేశాక బ్లీడింగ్ ఆగట్లేదని మళ్లీ వచ్చింది అక్కా ఏం చెప్పాలి, అత్తగారు బయటికి వెళ్లనంటోంది ఏం చెయ్యాలి, భర్త సంతకం లేకుండా కాపర్-టీ (గర్భసంచిలో పెట్టేది) వెయ్యొచ్చా అని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేద్దామని కూర్చున్నా.

ముందే ఒక మాట. సూది వెయ్యడం రెండు నిమిషాల పని, దానికి ముందు మాట్లాడే పదిహేను నిమిషాలే అసలు డ్యూటీ. మధ్యలో మానేసి వెళ్లిపోయే ఆడవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమందికి మందు పడక కాదు, ఏం జరుగుతుందో ముందు ఎవరూ చెప్పకే మానేశారు.

## 1. ముందు గది, బల్ల సర్దుకోండి

ఓపీలో వరస నడుస్తుండగా బల్ల దగ్గరే నిలబెట్టి "ఏం వాడతావమ్మా" అంటే ఎవరూ నోరు విప్పరు. గది లేకపోతే కర్టెన్, కర్టెన్ కూడా లేకపోతే ఇంజెక్షన్ రూమ్ తలుపు సగం వేసుకుని అయినా సరే.

పొద్దున్నే చూసుకోవాల్సినవి:

- బీపీ మిషన్ పనిచేస్తోందా, బరువు మిషన్ సున్నా దగ్గర ఉందా
- ప్రెగ్నెన్సీ కిట్లు, వాటి ఎక్స్‌పైరీ
- అంతర వయల్స్, సిరంజిలు, హబ్ కట్టర్ (వాడిన సూదిని కత్తిరించే డబ్బా)
- ఛాయ (హార్మోన్ లేని బిళ్ల), మాల-ఎన్ (రోజూ వేసుకునే హార్మోన్ బిళ్ల), కండోమ్‌లు, ఎమర్జెన్సీ పిల్ స్టాక్
- చూపించడానికి ఒక కాపర్-టీ శాంపిల్ (చేత్తో పట్టుకుని చూస్తే సగం భయం పోతుంది, అంత చిన్నదా అంటారు)
- అంతర కార్డులు, రిజిస్టర్, ఈ ఏడాది క్యాలెండర్

క్యాలెండర్ అంటే పండగలు, అమావాస్యలు ఉన్న మామూలు తెలుగు క్యాలెండరే. ఎందుకో కింద చెప్తా.

## 2. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి

అత్తగారో, ఆడపడుచో, భర్తో పక్కన ఉంటే ఆమె నోటినుంచి వచ్చేది వాళ్ల మాటే. "మీరు బయట కూర్చోండి" అని మొహం మీద చెప్తే గొడవ. నేను చేసేది ఏంటంటే, "పెద్దమ్మా మీరిక్కడ ఫ్యాన్ కింద కూర్చోండి, కోడల్ని బరువు చూసి పంపిస్తా" అని లోపలికి తీసుకెళ్తా. బరువు మిషన్ కావాలనే లోపలి గదిలో పెట్టించుకున్నా. నిజంగానే బరువు చూస్తా, బీపీ చూస్తా, ఆ పది నిమిషాల్లోనే అసలు సంగతి తేలుతుంది.

ఒకసారి ఇలాగే లోపలికి వచ్చిన అమ్మాయి, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, చంకలో ఎనిమిది నెలల బిడ్డ. బయట అత్తగారు "ఇంకో ఏడాదిలో మనవడు కావాలి, ఏ మందూ వద్దు" అని తేల్చి చెప్పింది. లోపల మిషన్ ఎక్కి, ముల్లు కదలడం ఆగేదాకా తల దించుకునే ఉండి, "కనపడనిది ఏమన్నా ఉందా అక్కా" అంది. అంతే, నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు బయట బల్ల దగ్గర వచ్చేవి కాదు.

మొదటి మాటగా ఇది చెప్పండి: "నువ్వు చెప్పింది ఈ గది దాటదు." చెప్పాక నిజంగా దాటనివ్వకండి, ఆశా వర్కర్‌తో కబుర్లలో కూడా. ఊరు చిన్నది, సాయంత్రానికి చేరిపోతుంది.

## 3. గర్భం లేదని ఎలా తేల్చుకోవాలి

కార్డ్ టెస్ట్ నెగటివ్ వచ్చింది కదా అని సూది వేసేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. కలిసి వారం కూడా కానప్పుడు టెస్ట్ ఏం చెప్తుంది? ముందు ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

1. బిడ్డకి 6 నెలలు నిండలేదా, పూర్తిగా తల్లిపాలేనా, కాన్పు తర్వాత ఇంకా పీరియడ్ రాలేదా? (మూడూ ఉంటేనే "అవును")
2. ఆఖరి పీరియడ్ తర్వాత, లేదా కాన్పు తర్వాత, అసలు కలవలేదా?
3. గత 4 వారాల్లో కాన్పు అయిందా?
4. పీరియడ్ మొదలై 7 రోజుల్లోపేనా? (కాపర్-టీకి అయితే 12 రోజులు)
5. గత 7 రోజుల్లో అబార్షన్ అయిందా?
6. ఏదైనా నమ్మకమైన పద్ధతి ఒక్కసారి కూడా తప్పకుండా వాడుతోందా?

ఒక్కదానికి "అవును" వచ్చి, వేవిళ్లలాంటి లక్షణాలు ఏమీ లేకపోతే గర్భం లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అన్నిటికీ "కాదు" వస్తే అప్పుడు టెస్ట్, దాంతోపాటు కండోమ్‌లు ఇచ్చి పీరియడ్ రాగానే రమ్మని చెప్పాలి. ఒట్టి చేతులతో పంపితే ఆ మధ్యలోనే నెల తప్పుతుంది.

డేట్ అడగడంలో ఒక చిట్కా. "ఎల్ఎంపీ (ఆఖరి పీరియడ్ డేట్) ఎప్పుడు" అంటే బిక్కమొహం వేస్తారు. "ఆఖరిసారి బయట ఎప్పుడు చేరావమ్మా, సంక్రాంతికి ముందా తర్వాతా, అమావాస్యకి ఎన్ని రోజులు" అని అడిగితే టక్కున చెప్తారు. అందుకే ఆ క్యాలెండర్.

## 4. బీపీ చూడకుండా ఏదీ ఇవ్వకండి

బీపీ 140/90 కానీ అంతకు పైన కానీ ఉంటే మాల-ఎన్ వద్దు. 160/100, ఆ పైన ఉంటే అంతర కూడా వద్దు, డాక్టర్ దగ్గరికి పంపాలి. కాపర్-టీకి, కండోమ్‌కి బీపీతో పేచీ లేదు.

అడగాల్సిన మిగతావి: కారణం తెలియని బ్లీడింగ్, రొమ్ములో గడ్డ, కామెర్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గుండె జబ్బు, పక్షవాతం, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి, ఫిట్స్‌కి గానీ టీబీకి గానీ వాడే మందులు. ఫిట్స్ మందులు కొన్ని, టీబీలో వాడే రిఫాంపిసిన్, మాల-ఎన్ పనిని తగ్గించేస్తాయి. "ఏమన్నా జబ్బులున్నాయా" అంటే లేవనే అంటారు కాబట్టి "రోజూ ఏవైనా బిళ్లలు మింగుతున్నావా" అని అడగండి.

## 5. పద్ధతులు చెప్పే వరస

మన దగ్గర ఫ్యామిలీ ప్లానింగ్ అంటే ఆపరేషన్ అనే అర్థం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో (2019-21) ఏపీలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) అయినవాళ్లే, మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. దాంతో ఇద్దరు పిల్లల మధ్య ఎడం కోసం ఏదైనా వాడొచ్చు అనే మాటే చాలామంది చెవిన పడలేదు.

అన్నీ ఒకేసారి చదివి వినిపించకండి. రెండు ప్రశ్నలు చాలు: ఇంకా పిల్లలు కావాలా, కావాలంటే ఎప్పటికి? బిడ్డకి పాలిస్తున్నావా? ఆ జవాబుల్ని బట్టి రెండు మూడు పద్ధతులు మాత్రమే చెప్పి ఎంచుకోవడం ఆమెకి వదిలెయ్యండి. నెలాఖరుకి టార్గెట్ లెక్క చూపించాలి కదా అని ఒకదానివైపు నెట్టడం మనందరికీ తెలిసిన జబ్బే. అలా నెట్టి ఇచ్చింది మూడు నెలలు కూడా నిలవదు.

- పాలిచ్చే తల్లి, 6 వారాల్లోపు: కండోమ్, ఛాయ, కాన్పైన 48 గంటల్లోపు అయితే కాపర్-టీ
- పాలిచ్చే తల్లి, 6 వారాలు దాటాక: పైవాటితోపాటు అంతర
- పాలిచ్చే తల్లికి 6 నెలలు నిండేదాకా మాల-ఎన్ వద్దు
- ఒక ఏడాదిలోనే మళ్లీ బిడ్డ కావాలనుకునే ఆమె: అంతర గురించి మరోసారి ఆలోచించమనండి (కారణం తర్వాతి స్టెప్‌లో ఉంది)
- భర్తకి సుఖవ్యాధి అనుమానం ఉంటే ఏ పద్ధతి వాడినా కండోమ్ తప్పనిసరి, మిగతావేవీ ఇన్ఫెక్షన్ ఆపవు

## 6. అంతర ఇంజెక్షన్

దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

వెయ్యకముందు చెప్పాల్సినవి

పీరియడ్ మారుతుంది, ఇది మొదటి వాక్యం. కొందరికి మొదటి మూడు నాలుగు నెలలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉంటుంది, తర్వాత తర్వాత పూర్తిగా ఆగిపోవచ్చు. ఆగిపోతే చెడు రక్తం లోపల పేరుకుపోతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. "గర్భసంచిలో పొర పెరిగితేనే కదమ్మా రాలేది, ఈ మందుకి పొరే పెరగదు, ఇంక పేరుకోడానికి ఏముంది" అని చెప్పండి, అర్థమవుతుంది. విత్తనమే వెయ్యని చేలో కోత ఏముంటుంది అని ఒక మిర్చి కూలీ ఆవిడే నాకు తిరిగి చెప్పింది, అప్పట్నుంచి నేనూ అదే వాడుతున్నా.

రెండోది బరువు కొంచెం పెరగొచ్చు. మూడోది, మానేశాక గర్భం రావడానికి ఆఖరి ఇంజెక్షన్ నుంచి మామూలుగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. ఈ మాట ముందు చెప్పకపోతే "ఆ సూదితో నా కోడలు గొడ్రాలైంది" అని ఊరంతా చాటింపు అవుతుంది, తర్వాత ఆ ఊళ్లో ఇంకెవరూ వేయించుకోరు.

వేసేటప్పుడు

1. మొదటి డోసుకి ముందు డాక్టర్ చూడాలి. తర్వాతి డోసులు మనం వెయ్యొచ్చు.
2. వయల్ పేరు, 150 ఎంజీ, ఎక్స్‌పైరీ చూడండి. చల్లగా ఉంటే గది వేడికి రానివ్వండి.
3. మెల్లగా బాగా కలపండి, అడుగున తెల్లగా పేరుకున్నది కరగకుండా లాగితే డోసు తగ్గిపోతుంది.
4. కొత్త సిరంజి, భుజం కండలో గానీ పిరుదు పైభాగం బయటివైపు గానీ, లోతుగా.
5. తీశాక దూది అద్ది వదిలెయ్యండి. రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు తొందరగా ఒంట్లో కలిసిపోయి మూడు నెలలు నిలవదు. చిన్నప్పట్నుంచి సూది వేస్తే రుద్దడం అలవాటు కాబట్టి చెప్పకపోతే గుమ్మం దాటగానే రుద్దేసుకుంటారు.
6. సూది హబ్ కట్టర్‌లో వెయ్యండి, క్యాప్ మళ్లీ పెట్టొద్దు.
7. పీరియడ్ మొదలైన 7 రోజుల్లోపు వేస్తే అప్పట్నుంచే పనిచేస్తుంది. తర్వాత వేస్తే 7 రోజులు కండోమ్ ఇవ్వాలి.

తర్వాతి డేట్

3 నెలలు, అంటే 13 వారాలు. రెండు వారాలు ముందు రావొచ్చు, 4 వారాలు లేటైనా వెయ్యొచ్చు. ఉదాహరణకి జనవరి 10న వేస్తే తర్వాతిది ఏప్రిల్ 11, మార్చి 28 నుంచి మే 9 వరకు ఎప్పుడొచ్చినా ఓకే. ఆ గడువు కూడా దాటితే కొత్తగా వచ్చినట్టే లెక్క, మళ్లీ ఆరు ప్రశ్నలు, గర్భం లేదని తేలాక సూది, 7 రోజులు కండోమ్.

మా వైపు మిర్చి కోతలకి ఊళ్లకి ఊళ్లు కదిలిపోతాయి, డేట్ వచ్చేసరికి మనిషి ఇక్కడ ఉండదు. అందుకని కార్డు మీద డేట్ ఒక్కటే కాకుండా ముందు గడువు, వెనక గడువు రెండూ రాసిస్తా, వెళ్లిన చోట గవర్నమెంట్ ఆసుపత్రిలో ఈ కార్డు చూపించమ్మా వేస్తారు అని చెప్తా.

బ్లీడింగ్ ఆగట్లేదని వస్తే

తిట్టకండి, "ముందే చెప్పా కదా" అనకండి. రోజుకి ఎన్ని బట్టలు, ఎన్ని ప్యాడ్లు మారుస్తోందో అడగండి. మచ్చలే అయితే ధైర్యం చెప్పి, హిమోగ్లోబిన్ చూసి, ఐరన్ బిళ్లలు ఇచ్చి పంపొచ్చు. మామూలుగా వచ్చేదానికి రెండింతలు అవుతున్నా, 8 రోజులు దాటి గట్టిగా అవుతున్నా, పొత్తికడుపు నొప్పి ఉన్నా డాక్టర్‌కి చూపించాలి, అది మందు వల్లే అని మనమే తేల్చేయకూడదు.

## 7. బిళ్లలు: ఛాయ, మాల-ఎన్, ఎమర్జెన్సీ పిల్

ఛాయలో హార్మోన్ లేదు, పాలిచ్చేవాళ్లకి మంచిది. పీరియడ్ మొదటి రోజు ఒక బిళ్ల, అక్కణ్నుంచి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఆదివారం మొదలుపెడితే ఆదివారం, బుధవారం. సోమవారం అయితే సోమ, గురు. మూడు నెలలయ్యాక మొదలుపెట్టిన రోజు ఒక్కటే. అట్ట మీద ఆ రెండు రోజులు పెన్నుతో చుట్టండి, ఆ రోజు సంత ఉంటే "సంత రోజు బిళ్ల" అని చెప్పండి, చచ్చినా మర్చిపోరు.

పీరియడ్ లేటవుతుంది, కంగారుపడతారు, ముందే చెప్పాలి. 15 రోజులు దాటితే టెస్ట్ చెయ్యండి. బిళ్ల మర్చిపోయి 7 రోజుల్లోపైతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని పీరియడ్ వచ్చేదాకా కండోమ్ వాడాలి, 7 రోజులు దాటితే మళ్లీ మొదటినుంచి. పీసీఓడీ, లివర్, కిడ్నీ జబ్బులు, టీబీ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు.

మాల-ఎన్లో 21 తెల్ల బిళ్లలు, 7 ఐరన్ బిళ్లలు. ఎక్కువ తప్పు ఎక్కడంటే భర్త గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, పండక్కి వచ్చినప్పుడు మాత్రమే వేసుకుంటారు. రోజూ వేసుకుంటేనే పనిచేస్తుందని, కలిసిన రోజుతో సంబంధం లేదని విడమరిచి చెప్పాలి. ఒకటి మర్చిపోతే గుర్తురాగానే వేసుకుని మిగతావి మామూలుగా. రెండు, ఆ పైన మర్చిపోతే వెంటనే ఒకటి వేసుకుని కొనసాగిస్తూ 7 రోజులు కండోమ్.

ఎమర్జెన్సీ పిల్ 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వెయ్యాలి. పెళ్లి కాని అమ్మాయి అడిగితే "పెళ్లయిందా" అని ఎగాదిగా చూడటం మన పని కాదు. అలా చూసి పంపించేస్తే రెండు నెలల తర్వాత ఎక్కడో ఆర్‌ఎంపీ దగ్గర తేలుతుంది.

## 8. కాపర్-టీ: ఒప్పుకోలు నొప్పుల్లో అడగొద్దు

ఒకామె సిజేరియన్ అయిన ఏడాదిన్నరకి మా దగ్గరికి వచ్చింది, "లోపల ఏదో దారం తగులుతోంది, ఆపరేషన్ కుట్టు ఊడిందేమో" అని వణికిపోతూ. చూస్తే కాపర్-టీ దారం. వేసినట్టు ఆమెకి తెలియదు, కేస్ షీట్‌లో మాత్రం సంతకం ఉందట, ఎప్పుడు పెట్టించారో గుర్తులేదంది. ఎక్కడ జరిగిందో ఇక్కడ అనవసరం. ఆ మనిషి ఇక జన్మలో సర్కారు ఆసుపత్రిని నమ్మదు, నేను మాత్రం ఏ మొహం పెట్టుకుని నమ్మమంటాను?

అందుకని ఏడో నెల చెకప్‌లోనే చెప్పండి, శాంపిల్ చూపించండి, సరే అంటే కార్డు మీద రాయండి. నొప్పులతో మెలికలు తిరుగుతుంటే "సంతకం పెట్టమ్మా" అనడం ఒప్పుకోలు కాదు. మేజర్ అయిన ఆడమనిషికి భర్త సంతకం అక్కర్లేదు.

- కాన్పైన 48 గంటల్లోపు, లేదంటే 6 వారాలు ఆగి. మధ్యలో వద్దు
- ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, జ్వరం ఉన్నా, కాన్పు తర్వాత బ్లీడింగ్ ఎక్కువైనా అప్పటికి వద్దు
- కాపర్-టీలో రెండు రకాలు: 380ఏ అయితే 10 ఏళ్లు, 375 అయితే 5 ఏళ్లు. ఏది వేశారో, ఎప్పుడు తీయాలో కార్డు మీద రాసివ్వండి
- 6 వారాలకి మళ్లీ రావాలి
- విపరీతమైన కడుపునొప్పి, జ్వరం, వాసనతో తెల్లబట్ట, పీరియడ్ తప్పడం, దారం తగలకపోవడం: వెంటనే రావాలి

తీసెయ్యమని అడిగితే తీయించాలి. "ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టు" అని తిప్పి పంపడం కూడా బలవంతమే.

## 9. ఆపరేషన్ అంటే

ఇది శాశ్వతం అన్న మాట ఆమె నోటితో మీకు తిరిగి చెప్పించుకోండి. వయసు 22 నిండాలి, కనీసం ఒక బిడ్డకి ఏడాది దాటి ఉండాలి. ఫారం చదివి వినిపించాకే సంతకం. మగవాళ్ల ఆపరేషన్ ఇంకా సులువని, కానీ చేయించుకున్నాక 3 నెలలు కండోమ్ వాడి వీర్యం పరీక్ష చేయించుకోవాలని ఒక్కసారైనా భర్తకి చెప్పి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది నవ్వేసి వెళ్లిపోతారు, ఫర్వాలేదు.

## 10. అబార్షన్ అడిగితే

చట్టం 1971 నుంచి ఉంది, 2021లో మార్చారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వరకు కొన్ని వర్గాలవాళ్లకి ఇద్దరు డాక్టర్లు కావాలి. 18 దాటితే ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. పెళ్లికాని వాళ్లకి కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లో స్పష్టంగా చెప్పింది. 18 నిండని అమ్మాయైతే గార్డియన్ సంతకం కావాలి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కూడా ఉంటుంది, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

మన పని: ఆఖరి డేట్ సరిగ్గా కనుక్కోవడం, అనుమతి ఉన్న సెంటర్‌కి పంపడం, ఎవరికీ చెప్పకపోవడం. మందుల షాపులో కిట్ కొనుక్కుని మింగి వచ్చిందంటే ముందు పల్స్, బీపీ. గంటకి రెండు ప్యాడ్లు తడుస్తూ వరసగా రెండు గంటలు అయితే ఆగొద్దు, 108 పిలవండి, సెలైన్ మొదలుపెడుతూ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. క్లాస్ పీకడం తర్వాత కూడా వద్దు.

అబార్షన్ అయిన రెండు వారాల్లోపే మళ్లీ గర్భం రావొచ్చు. పద్ధతి గురించి ఆ రోజే మాట్లాడండి.

## 11. ఇంట్లో కొడుతున్నారని అనుమానం వస్తే

గాజు గుచ్చుకున్న గాయం, పాత కమిలిన మచ్చలు, "మెట్ల మీద పడ్డా" అని తడబడటం. బిళ్లలు భర్త పారేస్తున్నాడన్నా ఇందులోకే వస్తుంది.

ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి: "ఇంట్లో ఎవరైనా నీమీద చెయ్యి చేసుకుంటున్నారా?" "లేదు" అంటే వదిలెయ్యండి, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడగండి. అవునంటే 181 (మహిళా హెల్ప్‌లైన్) నంబర్ నోటితో చెప్పి గుర్తుపెట్టుకోమనండి, కాగితం ఇవ్వొద్దు, కొంగులో దొరికితే ఆ రాత్రి ఇంకో దెబ్బ. జిల్లాలో సఖి సెంటర్ (హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసేది) ఉంటుంది, వెళ్తానంటే అక్కడికి ముందు మీరే ఫోన్ చేసి పంపండి. గాయాలు డాక్టర్‌కి చూపించి ఉన్నవి ఉన్నట్టు రాయించండి.

## 12. ఫాలోఅప్ ఫోన్

రిజిస్టర్‌లో డేట్ పక్కన ఇంకో గడి గీసుకోండి: "ఎవరికి తెలుసు". భర్తకి తెలుసు, అత్తకి తెలియదు, ఎవరికీ తెలియదు, మూడింట్లో ఒకటి ఆమెనే అడిగి రాయండి. ఆమె ఒంటరిగా ఉండే టైమ్ కూడా. మా వైపు చాలామంది మధ్యాహ్నం రెండు తర్వాత అంటారు, అన్నాలయ్యాక.

డేట్ దగ్గరపడితే ఆ టైమ్‌కే ఫోన్ చెయ్యండి. వేరేవాళ్లు ఎత్తితే "పీహెచ్‌సీ నుంచి సిస్టర్‌ని, మళ్లీ చేస్తానండి" అని పెట్టెయ్యండి. ఎందుకు, ఏమిటి అని ఎంత గుచ్చి అడిగినా అంతే. ఆ ఎనిమిది నెలల బిడ్డ తల్లి గడిలో "ఎవరికీ తెలియదు, మంగళవారం, బావి దగ్గరికి వెళ్లేటప్పుడు" అని రాసుంది, నాలుగో డోసుకి వచ్చి వెళ్లింది, కార్డు మా బీరువాలోనే ఉంచమంది.